చర్ల బస్సులో ఫాలసీ

హెడ్మిస్ట్రెస్‌గా చేరడానికి వస్తూ నేను దారిలో అమ్మవారి ముందు లెంపలేసుకుంటేనే బస్సు కదిలిందని చర్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. లెంపలు వేసుకోలేదు, నీళ్లు మోశాను.

ఖమ్మంలో ఉదయం ఏడింటికి బయల్దేరాను. సాయంత్రం ఐదులోపు చర్ల హైస్కూల్లో సంతకం పెట్టకపోతే నా ప్రమోషన్ సీనియారిటీ జాబితాలో నా వెనకున్నాయనకు పోతుంది. జూలూరుపాడులో టీ, భద్రాచలంలో చల్లారిన భోజనం. ఒంటిగంటకు రావాల్సిన చర్ల బస్సు రెండున్నరకు వచ్చింది.

దుమ్ముగూడెం దాటాక అడవిలో, వాగు పక్కన పసుపు రాసిన రాయి ఒకటి ఉంది, అదే అమ్మవారు. అక్కడ డ్రైవరు దిగి పచ్చికొమ్మ వేసి రావడం ఆనవాయితీ. బస్సు నెమ్మదించగానే ఎందుకని డ్రైవర్ని అడిగాను.

"పోయిన నెల ఆగలే మేడమ్. బండి మధ్యల నిలవడ్డది."

ఇరవయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పిన నోరు ఊరుకుంటుందా? "దీన్ని ఫాలసీ అంటారు. చూడ్డానికి సబబుగా ఉండే తప్పు ఆలోచన. ఒకదాని తర్వాత ఇంకోటి జరిగితే మొదటిదే కారణమనుకోవడం. అబద్ధం వేరు. అబద్ధమాడేవాడికి తను ఆడుతున్నది తెలుసు, ఫాలసీలో పడ్డవాడికి తెలియదు. పోనీయండి."

"గింత చదువు చెప్పినంక ఆగుడేంది, పోనీయన్నా," అన్నాడు కండక్టరు.

మైలు దాటకముందే ఇంజను మీద ఆవిరి లేచింది.

"రేడియేటర్ కారుతది. రోజు గాడ ఆగినప్పుడే వాగుల నీళ్లు ముంచి పోస్త," అన్నాడు డ్రైవరు.

"ముందే చెప్పొచ్చుగా?"

"మీరు కొమ్మ సంగతే అడిగిండ్రు."

వెనక సీట్లోని కోయ ముసలమ్మ తన ఖాళీ సొరకాయ బుర్ర నా చేతిలో పెట్టింది. "నీ ఇంగ్లీషుల నీళ్లు లేవా బిడ్డా? పా, వాగుకు పోదాం."

ఒక చేత బుర్ర, ఒక చేత నా టిఫిన్ క్యారియర్. బస్సులో వాళ్లంతా నా వెనకే నడిచారు. నీళ్లు పోశాక బండి కదిలింది. ఐదుకు ఐదు నిమిషాలుండగా సంతకం పెట్టాను. రిజిస్టరులో దాని మీద తడి మరక ఇంకా ఉంది.

శనివారం తిరుగు ప్రయాణంలో అదే డ్రైవరు. వాగు దగ్గర ఆగి కొమ్మ వేశాడు, నీళ్లు పోశాడు.

"నీళ్ల కోసమే ఆగొచ్చుగా, కొమ్మెందుకు?"

"కొమ్మ లేకుంటె నీళ్లు యాదికి రావు మేడమ్."

అతను చెప్పిన కారణం తప్పు కాబట్టి ఆగడమే దండగనుకున్నది నేను. అదీ ఫాలసీయే, దాన్ని క్లాసులో ఏటా చెబుతాను. ఆ దారిన వెళ్లేవారు ఒక సీసా నీళ్లు దగ్గరుంచుకోండి. వీలైతే ఇదొక్కటి తేల్చండి: తప్పు కారణంతో రోజూ సరైన చోట ఆగే బస్సును ఏమనాలి?