ఘాట్కోపర్ సీటు

మా కేతకికి పదిహేడేళ్లు. ఆటిజం ఉంది. అబద్ధం చెప్పడం రాదు, ఎదుటివాళ్లు చెబితే పట్టుకోవడమూ రాదు. బైకుళాలో కొవ్వొత్తుల పని నేర్పేచోట సీటొచ్చింది. డోంబివిలీ నుంచి లోకల్ రైల్లో ఒక్కదాన్నే వెళ్లొస్తానని పట్టుబట్టింది.

వాళ్ల బాబా, అంటే నాన్న, ఒక షరతు పెట్టారు. “వారం రోజులు గొడవ లేకుండా వెళ్లిరా. ఏదైనా అయిందా, మళ్లీ మీ ఆయీ వెంట రావాల్సిందే.” ఆయీ అంటే అమ్మ, నేనే. వెనక రానని దానికి మాటిచ్చాను. ఇచ్చిన మాట నాలుగో రోజే తప్పి, ముఖానికి పసుపు చున్నీ కట్టుకుని అదే లేడీస్ డబ్బా ఎక్కి దానికి కాస్త వెనకే నిలబడ్డాను. నా బుద్ధే అంత.

ఎక్కగానే కేతకి కిటికీ పక్కనున్నావిడని అడిగింది. “తాయీ, ఎక్కడ దిగుతారు?”

“ఘాట్కోపర్.”

“మీ సీటు నాకు.”

“సరేలే.”

మా లోకల్లో ఆ మాటకి రిజిస్ట్రీ కాగితమంత విలువ. కానీ ఘాట్కోపర్ రాగానే ఆవిడ లేస్తూ తన స్నేహితురాలిని లాగి కూర్చోబెట్టింది. కేతకి చెవులు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ అరిచింది.

“ఈ సీటు నాది! నేను ముందడిగాను! సరే అన్నారు!”

డబ్బా అంతా ఇటే తిరిగింది.

“అబ్బో, మహారాణి వచ్చిందండీ!”

“ఇలాంటిదాన్ని ఒంటరిగా వదిలిందే, ఏ తల్లో గానీ!”

నా పక్కావిడ నన్ను ఎగాదిగా చూసింది. “మీరూ డోంబివిలీలోనే ఎక్కారుగా. మీ పిల్లా?”

“కాదు,” అన్నాను.

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఆ పూట ఈ కాకి చున్నీ ఇంకాస్త పైకి లాక్కుంది. ఎందుకలా అన్నానో నాకు తెలుసు. సిగ్గేసింది, అంతే.

ఎదుటి సీట్లో దేవుడి పోథీ చదువుకుంటున్న ముసలావిడ కళ్లజోడు పైనుంచి చూసింది. “ముందడిగింది ఆ పిల్లే. నేను విన్నాను. ఇక్కడ వరసే న్యాయం. లేవమ్మా.”

స్నేహితురాలు సణుగుతూ లేచింది. కేతకి కూర్చుని, మూడు స్టేషన్లు లెక్కపెట్టుకుని, బైకుళాలో దిగి వెళ్లిపోయింది. నేను దాని వెనక దిగలేదు.

సాయంత్రం అటుకుల పోహా తింటూ, వాళ్ల బాబా ఎదుటే కేతకి అడిగింది. “ఆయీ, పొద్దున డబ్బాలో పసుపు చున్నీ నువ్వే కదా? ఆ ఆంటీ మీ పిల్లా అంటే కాదన్నావు. ఎందుకు?”

ఆయన తినడం ఆపి నావైపు చూశారు. నువ్వొక్కదానివే వెళ్లాలనే అలా అన్నానమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. అది నమ్మేస్తుంది కూడా. నమ్ముతుందనే చెప్పలేకపోయాను.

“సిగ్గేసిందే.”

“సీటు నాదే కదా. నేను తప్పు చెప్పలేదు కదా?”

“లేదు.”

“మరి సిగ్గెందుకు?”

ఆయన షరతు మాటే ఎత్తలేదు. అది పళ్లెం కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని వచ్చింది.

“రేపు రాకు ఆయీ. నీకు సిగ్గేస్తుంది. నేను వెళ్లొస్తాలే.”