మిద్దె పలికేదాకా

మొన్న నరసరావుపేట నుంచి మాచర్ల బస్సులో వెళ్తుంటే పిడుగురాళ్ళ దగ్గర కిటికీలోంచి సున్నం వాసన వచ్చింది. ఎక్కడో బట్టీ పక్కన కాల్చిన రాయి మీద నీళ్ళు చల్లుతున్నట్టున్నారు. పక్క సీటాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను కిటికీ ఇంకాస్త తెరిచి ఊపిరి నిండా పీల్చాను. ఆయన నన్ను అనుమానంగా చూసి కొంచెం జరిగి కూర్చున్నాడు. ఏం చెప్పను? ఆ వాసన తగిలితే నా కళ్ళముందు నిలిచేది మా ఊరి లైబ్రరీ మిద్దె. దాని మీద గొడుగు వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్న పెద్దమ్మ.

నేను ఎనిమిదో తరగతి తప్పి, లైబ్రరీకి ఎదురుగా సైకిల్ షాపు పెట్టుకున్నవాణ్ణి. గ్రీజు చేతులతో పుస్తకం ముట్టనిచ్చేవారు కాదు లైబ్రేరియన్ గారు. కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి కడుక్కుని, చేతులు అటూ ఇటూ తిప్పి చూపించాకే లోపలికి రానిచ్చేవారు. అలా కడుక్కుంటూనే ముప్పై అయిదేళ్ళు చదివాను. చరిత్ర, చట్టం, వైద్యం, ఆఖరికి తేనెటీగల పెంపకం కూడా వదల్లేదు. బడిలో రాని చదువు ఆ గదిలో వచ్చిందని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. గది మొత్తం ఎర్ర ఇటుక, సున్నం. టేకు దూలాల మీద చిన్న పలచటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో పేర్చి, వాటి మీద సున్నం, ఇటుక ముక్కలు కలిపి పోసి, చెక్కలతో బాది చేసిన మిద్దె అది. ఇనుము లేదు, సిమెంటు లేదు. రోహిణి ఎండల్లో కూడా లోపల కొత్త కుండ పక్కన కూర్చున్నట్టుండేది.

కొన్నేళ్ళ కిందట ఆ మిద్దె కారడం మొదలుపెట్టింది. సర్పంచ్ ఊరందరికీ బాబాయే. నన్ను పిలిపించి, "ఏంది అబ్బాయ్, ఆ పాత కొంప కోసం నీకంత పీకులాట? పడగొట్టి కింద షాపులు, పైన లైబ్రరీ కట్టిద్దాం. నీకూ ఒక షట్టర్ ఇప్పిస్తా" అన్నాడు. షట్టర్ మాట విని ఒక్క క్షణం మెత్తబడ్డానని ఒప్పుకోవాలి. తేరుకుని, గోడలూ దూలాలూ గట్టిగానే ఉన్నాయనీ, పైన సున్నం పొర ఒక్కటే చచ్చిపోయిందనీ, అది మార్చుకుంటే చాలనీ వాదించాను. "సరే, ఈ వానాకాలం చూస్తా. ఒక్క చుక్క కారిందా, పొక్లెయిన్ వస్తది. అప్పుడు నా కాళ్ళు పట్టుకోబాక" అన్నాడు.

నా ధైర్యం ఏమిటంటే, కట్టడాల పనులు వివరించే ఒక పాత పుస్తకం ఆ లైబ్రరీ బీరువాలోనే నాకు దొరికింది. పనికి కుదిరిన మేస్త్రీ మా షాపు పక్కింటి భాయ్. "ఇట్టాంటి మిద్దెలు మా అబ్బాజాన్ కట్టేటోడన్నా. నా చేతికి తాపీ వచ్చేసరికి సిమెంటొచ్చింది. నువ్వు చదివి చెప్పు, నేను చేస్తా" అన్నాడు. ఆ మాటకు నేను ఎంత ఉబ్బిపోయానో! పాత పొర తీయించాం. సున్నం నానబెట్టాం. కరక్కాయలు నానేసిన నీళ్ళలో బెల్లం కలిపాం. ఉంటే మంచిదేగా అని బెల్లం నేనే కాస్త ఎక్కువ వేయించాను. మర్నాటికి బజారు చీమలన్నీ మిద్దెక్కాయి. "అన్నా, నీ పుస్తకంలో చీమల గురించి ఏమన్నా రాశారా?" అని అడిగాడు భాయ్.

ఎనిమిది మంది ఆడకూలీలు ఎదురెదురుగా రెండు వరసల్లో కూర్చుని చెక్కలతో బాదడం మొదలుపెట్టారు. లైబ్రరీ వెనక సందులో పెద్దమ్మ ఇల్లు. మాకు చుట్టం కాదు, అందరికీ పెద్దమ్మే. ఎనభైకి దగ్గర్లో ఉంది. కాపురానికొచ్చిన కొత్తలో, ఆ మిద్దె అంతకుముందు మరమ్మతైనప్పుడు, కూలికొచ్చి బాదినవాళ్ళలో ఆమె ఒకతె. మూడోరోజు తన వాకిట్లోంచే కేకేసింది. "ఒరే అబ్బాయా, ఇంకా చచ్చు పలుకే పలుకుతంది. ఆపబాక!"

"మూడు రోజులు చాలని పుస్తకంలో ఉంది పెద్దమ్మా."

"నీ పుస్తకం మిద్దె చదివిద్దంటరా?"

కూలీలంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రానికి పని ఆపించేశాను.

వానాకాలానికి ఇంకా మూడు వారాలుందనగా ఒక మధ్యాహ్నం వేసవి వాన కొట్టింది. పని కోసం మూసిన లైబ్రరీ తాళం నా దగ్గరే ఉంది. పరుగెత్తుకెళ్ళి తలుపు తీసేసరికి పడమటి మూల, పేపర్లు చదివే బల్ల మీద టప్ టప్‌మని చుక్కలు. నా వెనకే భాయ్ వచ్చాడు. బకెట్ పెట్టి, తలుపు లోపల గడియ వేశాం. అక్కడే నిలబడి ఆ పుస్తకం మళ్ళీ తెరిచాను. మూడు రోజులన్న మాట కింద నేను పెన్సిల్‌తో గీసుకున్న గీత ఉంది. దాని కింది వాక్యంలో, చెక్క ఎగిరిపడి, దెబ్బ కంచులా మోగేదాకా బాదాలని ఉంది. అది కూడా అంతకుముందే చదివాను. అయినా లెక్క ఉన్న వాక్యాన్నే పట్టుకున్నాను, ఎందుకంటే లెక్క నాకు అర్థమయింది. మోగడం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

పెద్దమ్మ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎదురుగా నిలబడ్డాను.

"కారిందా?" అంది తలెత్తకుండానే.

"కారింది."

"ఎవురన్నా చూశారా?"

"నేనూ, భాయ్."

"అయితే ఎవురూ చూడనట్టే. పద." చేతులు దులుపుకుని లేచింది.

భాయ్ చెయ్యి పట్టుకుని బయటి మెట్లు ఒక్కోటీ ఎక్కింది. పొర మొత్తం తీయించి మళ్ళీ పోయించింది. బెల్లం తగ్గించింది. పిట్టగోడకు ఆనుకుని, గొడుగు కింద కళ్ళు మూసుకుని వింటూ కూర్చుంది. నాలుగో రోజు కూలీల్లో ఒకామె, "అవ్వా, రెక్కలు పడిపోతన్నయ్. ఇంక చాలదా?" అంది. "నన్నడుగుతావేందే? మిద్దెనడుగు, అదే చెప్పిద్ది. నీ మొగుడిలాగా దాయదు" అంది పెద్దమ్మ. అయిదు, ఆరు రోజులు గడిచాయి. ఏడోరోజు ఎండ వాలే వేళకు, అప్పటిదాకా మెత్తగా దిగుతున్న చెక్కలు ఎగిరి పడసాగాయి. మందంగా వినిపించే శబ్దం పలచబడి, గుడిగంట దూరాన్నుంచి విన్నట్టయింది. పెద్దమ్మ కళ్ళు తెరిచింది. "ఆపండమ్మా. పలికింది."

ఆ ఏడు వానలు కసిగా కురిశాయి. రెండు రోజులు ఆగకుండా కొట్టిన ముసురులో సర్పంచ్ బాబాయి గొడుగుతో వచ్చాడు. ప్రసాదానికి నిలబడ్డట్టు అరచెయ్యి చాపి, ఒక్కో మూలా చాలాసేపు నిలబడ్డాడు. చెయ్యి తడవలేదు. పంచెకే తుడుచుకుని, "సర్లే, ఉండనీ" అని వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళాడో లేదో, వాకిలి చూరు కింద పెద్దమ్మ కనిపించింది. తడవకుండా తలమీద గోతం కప్పుకుంది. లోపలికి రమ్మన్నాను. "నాకేం పనిరా లోపల? అచ్చరం ముక్క రాదు" అంది. ఆ సందులో అరవై ఏళ్ళ పైన బతికిన మనిషి, ఆ గడప ఒక్కసారీ దాటలేదట. ఆ రోజుల్లో బయటి మెట్లు లేవు, కూలీలను నిచ్చెన మీంచే ఎక్కించి, నిచ్చెన మీంచే దింపేవారు. నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. బీరువాల వంక కూడా చూడలేదు. తలెత్తి, దూలాల మధ్య ఏటవాలుగా నిలబడ్డ ఇటుకలను చాలాసేపు చూసింది. ఒకసారి బాది, ఒకసారి బాదించిన మిద్దెను కింద నుంచి చూడడం ఆమెకు అదే మొదలు.

"బాగుందిరా" అంది. తల దించకుండానే, "కింద నుంచి చూస్తే మేం కొట్టింది కనపడదు గదా?" అంది.

నేనూ ఆమె పక్కన నిలబడి తలెత్తి చూశాను. మరుసటేడు ఆమె పోయింది. మిద్దె ఇంకా కారలేదు. ఆ కప్పు కింద తల వంచుకుని ముప్పై అయిదేళ్ళు చదివినవాణ్ణి, తల ఎత్తి చూడడానికి నాకు అంతకాలం పట్టింది.