ఔ, పోయింది

మా ఆయన పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉన్న ముక్కను కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుట్టారు. ఆ కుట్టు విడిపోతే లోపలి మురికి పొట్టంతా పాకుతుందని, అప్పుడు మనిషి దక్కడం కష్టమని డాక్టరు ముందే చెప్పాడు. అప్పటినుంచి నాంపల్లి దవాఖానలో, ఆయన మంచం పక్కనే, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

పేగు మళ్లీ పని మొదలుపెట్టిందని తెలియడానికి ఒకటే గుర్తు. పొద్దునా సాయంత్రం నర్సమ్మ వచ్చి అడిగేది: "గాలి పోయిందా?" అబిడ్స్‌లో బట్టల దుకాణంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసిన మనిషి ఆయన. ఇంట్లో తేన్పు వచ్చినా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంటాడు. ఆ ప్రశ్న వినగానే గోడవైపు తిరిగేవాడు.

మూడో రోజు పొద్దున గౌలిగూడ నుంచి ఆయన అన్న, మా బావగారు, చూడటానికి వచ్చారు. పెళ్లై ఇన్నేళ్లయినా బావగారి ముందు నేను కుర్చీలో కూర్చోను. సరిగ్గా అప్పుడే నర్సమ్మ వచ్చి, వార్డంతా వినిపించేలా అడిగింది. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ముచ్చట అక్కడితో తెగిపోతే చాలనుకుని, "ఔ, పోయింది" అనేశాను. నా నోరు పడిపోను!

పేగు పని మొదలుపెట్టిందనుకుని జావ తాగించమన్నారు. నేనే చెంచాతో తాగించాను. సాయంత్రానికి పొట్ట డోలులా ఉబ్బింది. పచ్చగా వాంతి చేసుకున్నాడు, ఒళ్లంతా చెమటలు.

"కుట్టు గిట్ట ఊడిందా ఏందే?" అని నన్నే అడిగాడు.

కబురు తెలిసి బావగారు మళ్లీ వచ్చి తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే నా మొగుణ్ణి నేనే చంపుకున్నదాన్ని అవుతాను. సిగ్గు గంగలో కలవనీ అనుకున్నాను.

"నర్సమ్మా, గాలి పోలే. నేను అబద్ధం చెప్పిన."

ఆమె ముఖం మాడిపోయింది. "గిదేమన్న సిగ్గువడే ముచ్చటనామ్మా? మనిషి పానం మీదికి దెచ్చినవు గద!"

ముక్కులోంచి గొట్టం వేసి పొట్టలోదంతా తోడారు. స్కానింగ్ తీశారు. కుట్టు ఇప్పటికైతే నిలిచింది, రెండు రోజులు చూడాలి అన్నాడు డాక్టరు. ఆ రెండు రోజులూ దుప్పటి కదిలినా ఉలిక్కిపడ్డాను. ఆయనకు జ్వరం వచ్చిందేమోనని నుదురు తాకి తాకి, చివరకు నా చెయ్యే వేడిగా ఉందో ఆయన ఒళ్లే వేడిగా ఉందో తెలియకుండా పోయింది.

రెండో రోజు మధ్యాహ్నం, బావగారు పక్కనే ఉన్నప్పుడు, దుప్పటి కింద నుంచి వినిపించింది. బావగారు లేచి తమ్ముడి చెయ్యి పట్టుకుని, "పోయిందిరా తమ్మీ, పోయింది!" అని అరిచారు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఈ బావగారి దగ్గరా నేను సిగ్గుపడి దాచింది!

నాలుగేళ్లయింది. గడ్డ మళ్లీ రాలేదు. కానీ మా ఆయన రోజుకు ఏడెనిమిదిసార్లు బాత్రూంకు పరుగెత్తాలి, వచ్చిందంటే ఆగదు. ఒక్కోరోజు మాత్రం అసలేమీ రాదు. పాత కుట్టు దగ్గర పేగు బిగుసుకుని మూసుకుపోవచ్చని డాక్టరు అన్న మాట అప్పుడు గుర్తొస్తుంది. వెళ్లి బాత్రూం తలుపుకు చెవి ఆనించి నిలబడతాను.

"పోయింది. ఇగ పో!" అని లోపలి నుంచి కసురుకుంటాడు.

నేను కదలను. ఆ మాట ఒకప్పుడు నేనూ చెప్పాను.