నేలలోకి పోయే నీళ్లు

వెండత్తకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా చర్చిలో ప్రభువు బల్ల మీది వెండి పాత్రలు కడిగి తోమేది ఆవిడే. భర్త పోయిన వారం ఒక్కటే రాలేదు. ఆ వారం ఎవరో పుణ్యాత్మురాలు పాత్రని పీచుతో రుద్ది గీతలు పెట్టింది. ఆ గీతల్ని వెండత్త ఇప్పటికీ పిలిచి మరీ చూపిస్తుంది. పాత్రల గది తాళంచెవి ఆవిడ నడుముకి ఉంటుంది, ఆవిడ నోరు మిగతా అందరి మీదా ఉంటుంది.

ఆ గదిలో రెండు సింకులున్నాయి, చూడ్డానికి కవల పిల్లల్లా. ఒకదాని నీళ్లు అన్ని ఇళ్లలో లాగే మురుగుకాలువకి పోతాయి. రెండోదాని గొట్టం మాత్రం గోడలోంచి దిగి తిన్నగా నేలలో కలుస్తుంది. పాత్రలో మిగిలిన ద్రాక్షారసపు చుక్కా, రొట్టె నలుసూ కడిగిన నీళ్లు మురుగులో కలవకూడదని కట్టినప్పుడే అలా కట్టారు. ఏది ఏ సింకో వెండత్తకి తెలుసు. మరొకరికి తెలియదు, ఎందుకంటే మరొకర్ని ఆ గడప దాటనివ్వలేదు.

రెండేళ్ల కిందట సంఘం చర్చి హాలుని ఒక ఆటల బడికి ఇచ్చింది. కాగితం మీద దాని పేరు భాగస్వామ్యం. పనికెళ్లే తల్లుల పిల్లలు మధ్యాహ్నం దాకా హాల్లో ఉంటారు. బదులుగా బడివాళ్లు హాలు ఊడ్చి, ఆవరణలో మొక్కలు చూస్తారు. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు మురిసిపోయారు. వెండత్త మాత్రం ఆ బడి పంతులమ్మకి మొదటిరోజే 'ఆటలమ్మ' అని పేరు పెట్టింది.

"వద్దన్నా వస్తుంది, వచ్చిందంటే ఒళ్లంతా పాకుతుంది," అని చర్చి మెట్ల మీద నిలబడి అర్థం కూడా చెప్పింది.

పంతులమ్మ తక్కువ తిన్నదేం కాదు. "పాలిషంతా వెండికే పూసేసినట్టుంది, నోటికి ఒక్క చుక్కా మిగల్లేదు పాపం," అంది, వినబడేలా.

ఆ తర్వాత మెట్ల మీద బురద చెప్పుల గురించి ఒకసారి, పాటల పుస్తకంలో రంగు గీతల గురించి ఒకసారి, ఏమీ లేనప్పుడు ఊరికే ఒకసారి, ఇద్దరూ తగువులాడుకుంటూనే వచ్చారు.

ఆ సోమవారం హాల్లో కుళాయి పాడైంది. అయ్యగారు తన దగ్గరున్న మారు తాళంచెవితో పాత్రల గది తెరిచి, "ఇక్కడ కడుక్కోండమ్మా," అన్నారు. పంతులమ్మ పిల్లల రంగు బ్రష్షులన్నీ తలుపు పక్క సింకులో కడిగింది. మర్నాడు వెండత్త వచ్చి చూస్తే నేలకి పోయే సింకులో చుట్టూ నీలం చార.

"ఇదెవరి నిర్వాకమే?"

"ఏమే అనడానికి నేను మీ కోడల్ని కాదండీ. బ్రష్షులు కడిగాను. సింకు కడుక్కోడానికి కాకపోతే దండం పెట్టుకోడానికా?"

"ప్రభువు రక్తం పోయే దారిలో నీ రంగునీళ్లు పోస్తావా? ఈ నెలాఖరుకి నీ బడి వీధిలో ఉండకపోతే నన్ను అడుగు!"

చార రుద్దితే పోలేదు. మూసుకుపోయిన గొట్టాల్లో పోసే మందు సీసా తెచ్చి వెండత్త మొత్తం ఒంపేసింది. సింకు బుసకొట్టింది, వేడెక్కింది. పట్టుదలకొద్దీ రెండో సీసా కూడా ఒంపింది. చార పోయింది. ఈ నీళ్లు నేలలోకి పోతాయని ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరందరికీ పాఠం చెప్పిన మనిషికి, ఆ నేల ఎక్కడుందో ఆ పూట గుర్తుకు రాలేదు.

ఆ సాయంత్రం ఆవిడ చర్చి కమిటీవాళ్ల గడపలు తొక్కింది. సభ్యులు ఏడుగురు. ఆవిడతో కలిపి నలుగురు బడి వద్దనేవాళ్లయ్యారు. ఒప్పందం పొడిగించాలా వద్దా అన్నది బుధవారం సాయంత్రం తేలిపోతుంది.

బుధవారం మీటింగు మొదలవగానే పంతులమ్మ ఒక పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో పిల్లలు నాటిన చిక్కుడు మొలకలు, ఉడికిన ఆకుకూరలా వాలిపోయి ఉన్నాయి.

"తూర్పు గోడ పక్క మడిలోవి. ఎవరో ఏదో పోశారు. మధ్యాహ్నం ఒక పాప ఆ మట్టి తవ్వింది, అరచేతులు కమిలిపోయాయి. వాళ్లమ్మ ఆస్పత్రికి తీసుకెళ్లింది."

"పాపని చూసుకోవడం మీ పని కదమ్మా, మాదా?" అన్నాడు చర్చి వ్యవహారాలు చూసే వార్డెను. ఆయన మామూలుగా మాట్లాడినా మైకు పెట్టినట్టే ఉంటుంది. "చిక్కుడు మొక్కల చావు మీద విచారణ సంఘం వెయ్యమంటావా?"

నలుగురూ నవ్వారు. నవ్వు మొదలుపెట్టింది వెండత్తే. నవ్వు సగంలో ఉండగా తూర్పు గోడ ఏదో ఆవిడకి తట్టింది. పాత్రల గదికి వెనకదే ఆ గోడ. గొట్టం అక్కడే దిగుతుంది.

ఆవిడ చీర చెంగుతో నోరు తుడుచుకుంది. అయ్యగారు చిన్న ప్రార్థన చేశారు. వార్డెను పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. అరగంట గడిచింది. "ఒప్పందం వద్దనేవాళ్లు చేతులెత్తండి," అనగానే మూడు చేతులు లేచి వెండత్త కోసం చూశాయి.

అప్పుడే పంతులమ్మ ఫోను మోగింది. అవతల ఆ పాప తల్లి. గొంతు గది అంతా వినబడింది.

"వేళ్లు నోట్లో పెట్టుకుందట మేడమ్! పెదవి బొబ్బలెక్కింది. అదేం మందో చెప్పమంటున్నాడు డాక్టరు. తెలియకపోతే కష్టం అంటున్నాడు. ఏం మందు మేడమ్?"

"తెలీదమ్మా," అంది పంతులమ్మ. చూపు బల్ల మీది పళ్లెం వైపు పోయింది. "ఎవరికీ తెలీదు."

లేచి ఉన్న మూడు చేతుల్నీ వెండత్త ఒకసారి చూసింది. తన చెయ్యి లేస్తే నెలాఖరుకి హాలు ఖాళీ. నోరు లేస్తే తాళంచెవి పోయి నడుము ఖాళీ.

"కాస్టిక్ సోడా," అంది. "గొట్టాల మందు. రెండు సీసాలు, నిన్న పొద్దున. యాసిడ్ కాదని చెప్పు. ఉండు, చీటీ చదువుతాను." లోపలికి వెళ్లి ఖాళీ సీసా తెచ్చి, దాని మీది అక్షరాలు ఒక్కొక్కటే పైకి చదివింది. పంతులమ్మ ఫోనులో అప్పజెప్పింది.

ఇరవై నిమిషాలు గడిచాయి. మళ్లీ ఫోను మోగింది. మంట పెదవి దగ్గరే ఆగిందట, గొంతులోకి పోలేదట. రాత్రికి ఉంచుకుని చూస్తారట.

పంతులమ్మ ఫోను పెట్టేసి వెండత్త వైపు తిరిగింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"నీ పళ్లెం చూశాక."

"పళ్లెం పెట్టి అరగంటైంది."

వెండత్త ఖాళీ సీసాకి మూత బిగించి బల్ల కింద పెట్టింది.

మళ్లీ లెక్క పెడితే ఆరు చేతులు బడి పక్షాన లేచాయి. ఏడోది, వెండత్తది, ఒళ్లోనే ఉండిపోయింది. "అత్తయ్యా, మరి ఆ తాళంచెవి..." అని అయ్యగారు నసిగేలోపే ఆవిడ ముడి విప్పి బల్ల మీద పడేసింది.

"నసగకండి. అడగడం కూడా రాదు మీకు."

గుమ్మం దాకా వెళ్లాక పంతులమ్మ వెనక నుంచి పిలిచింది.

"ఏ సింకు దేనికో చూపించి పొండి. లేకపోతే మళ్లీ మా మీద పడతారు."

ఇద్దరూ పాత్రల గదిలోకి వెళ్లారు. వెండత్త వేలు పెట్టి చూపించింది. ఇది నేలకి, అది మురుగుకి.

"రెండూ ఒకేలా ఉన్నాయి," అంది పంతులమ్మ. "ముప్ఫై ఏళ్లలో ఒక్క చీటీ అంటిస్తే ఏం పోయేది?"

"చీటీ అంటిస్తే ఇక నేనెందుకు?"

అన్నాక గానీ ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆవిడకి తెలియలేదు. పంతులమ్మ జాలిపడలేదు, నవ్వనూ లేదు. జేబులోంచి పిల్లల ఎర్ర రంగుముక్క తీసి గోడ మీద 'నేలకి' అని రాయడం మొదలుపెట్టింది.

వెండత్త మెడ చాచి ఆ అక్షరాలు చూసింది.

"ఇంకా పెద్దగా రాయి," అంది. "మీ అయ్యగారికి చత్వారం."