లప్పం అక్క మొదటి ప్రశ్న

గోడకు చిన్న చిల్లు కనపడితే చాలు, ఆమె వేళ్లు ఊరుకోవు. చుట్టపుచూపుగా వెళ్లిన ఇంట్లో కూడా మాటల మధ్యలో మేకు పీకిన గుంతను బొటనవేలితో తడుముతుంది. అందుకే గోడల గుంతలు పూడ్చే లప్పం పేరే ఆమెకు స్థిరపడిపోయింది. లప్పం అక్క. ఆమెకేమీ కోపం లేదు. “నయం, సున్నం అక్క అనలేదు” అంటుంది.

పిల్లల గదులకు రంగులు వేయడంలో ఆమె పెట్టింది పేరు. ముందు పెద్దవాళ్లను బయటికి పంపేస్తుంది. “ఇందులో పడుకునేది నువ్వా, మీ నాన్నా? మరి ఆయన్నడగడం దేనికి?” అంటూ పిల్లతోనే బేరం మొదలుపెడుతుంది. నచ్చిన రంగులను గోడ మీద అరచేయంత మేర పూసి, ఆరాక ఓసారి, లైటు వెలుతురులో ఓసారి చూపిస్తుంది. తడి రంగును నమ్మకూడదంటుంది.

అలాంటి మనిషి సొంత ఇంట్లో అడగడం మరిచిపోయింది.

కొత్త అద్దెయింట్లో కూతురికి మొదటిసారి విడిగా గది దొరికింది. ఇంట్లో ఆ పిల్లను పిడుగు అంటారు. పిడుగు బడికి వెళ్లిన వేళల్లో లప్పం అక్క గోడలన్నీ నున్నగా చేసి, లేత నారింజ రంగు వేసి, ఆశ్చర్యపరుద్దామని తలుపు తాళం తీసింది.

పిల్ల గోడలకేసి చూడలేదు. తలుపు పక్కకే చూసింది. “బాగుందమ్మా” అంది, చేదు మందు మింగినట్టు. దిండు పట్టుకుని ముందుగదిలో నాన్న కుట్టుమిషను పక్కన పడుకుంది. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే.

“కొత్త రంగు వాసన పడలేదేమో” అంది లప్పం అక్క.

దర్జీ మొగుడు దారం కొరుకుతూ నవ్వాడు. “ఊళ్లో పిల్లలందర్నీ అడుగుతావు. మన పిల్ల నీకు కస్టమర్ కాదనా?”

“కన్నదాన్ని, దాని ఇష్టం నాకు తెలీదా?”

“తెలిస్తే ఆ గది ఖాళీగా ఎందుకుందే?”

మర్నాడు పొద్దున్నే ఆమె పిడుగు ఎదురుగా చతికిలబడింది. “రంగు నచ్చలేదా తల్లీ? మార్చేస్తాలే.”

“రంగు బాగానే ఉంది. వాడేడి?”

“ఎవడే?”

“తలుపు పక్కనుండేవాడు.”

అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు తమ పిల్లవాడి పొడుగు కొలిచి గోడ మీద పెట్టిన పెన్సిలు గీతలు. పిడుగు వచ్చిన రోజు నుంచీ వాటికి వీపు ఆనించి నిలబడుతోందట.

“పై గీత దగ్గర నాకన్నా పొడుగు వాడు. వాడుంటే ఆ గదిలో ఒక్కదాన్ని కాను కదా!”

గోడ నున్నగా చేసిన రోజు లప్పం అక్క ఆ గీతలని చూసింది. చూస్తూనే పూడ్చేసింది. ముందుగా గరుకు కాగితంతో రుద్దానో లేదో ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. రుద్ది ఉంటే ఇక అంతే సంగతులు.

తలుపు పక్కన రంగు గీకి, తడిగుడ్డ అద్ది, లప్పం నానాక, లప్పం పూసే రేకుతోనే పొరలుపొరలుగా తీయసాగింది. పిడుగు టార్చిలైటు పట్టుకుంది.

“మెల్లిగా అమ్మా! వాడి కాళ్లకు తగుల్తుంది.”

“గీతలకు కాళ్లెక్కడివే?”

“పొడుగున్నాడంటే కాళ్లుండవా?”

కింది గీతలు పోయాయి. పైవి రెండు మాత్రం మసకమసగ్గా బయటపడ్డాయి. పిల్ల గబుక్కున వీపు ఆనించింది. “చూడమ్మా, దాటానా?”

“ఇంకా లేదే. వేలెడు తక్కువ.”

“హమ్మయ్య” అంది పిడుగు.

ఆ గరుకు చారను అలాగే వదిలేశారు. దాని చుట్టూ పిడుగు సొంతంగా పచ్చరంగు అంచు వేసింది, వంకరటింకరగా. సరిచేయడానికి దురదపెడుతున్న చేతులను లప్పం అక్క వెనక్కి కట్టుకుని నిలబడింది. అంచు ఆరకముందే దిండు ఆ గదిలోకి చేరింది.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా రంగుల మాట తర్వాతే. ఖాళీ గదిలో పిల్లల పక్కన కూర్చుని మొదట ఒకటే అడుగుతుంది: “ఇందులో నేను ముట్టుకోకూడనిదేది?”

ఒకరు చిరిగిన స్టిక్కరు చూపిస్తారు, ఇంకొకరు మంచం రాసుకున్న గీత. మొన్న ఒక పిల్ల ఏమీ లేని ఓ మూలను చూపించింది. ఏముందని లప్పం అక్క అడగలేదు. అక్కడ జానెడు వదిలేసి, మిగతా గోడకు రేకుతో లప్పం పట్టింది.