రాయంటు అని పలికిన రోజు

మొన్న సూపర్ మార్కెట్లో నేల తుడిచే ద్రావకం ఒకటి కొన్నాను. సీసా మీద పచ్చగడ్డి బొమ్మ ఉంది కదా, ఏదో మంచిదే అయ్యుంటుందనుకున్నాను. పనమ్మాయి రాలేదన్న చిరాకుతో బకెట్లో ఒక మూత పోసి, మా హాల్లోని నల్ల మాచర్ల బండల మీద మాప్ కర్ర ఆడించానో లేదో, నిమ్మగడ్డి వాసన గుప్పుమని లేచింది. తుడవడం సగంలో ఆపేసి కుర్చీలో కూలబడ్డాను. మా ఆయన కంగారుగా వచ్చి, నడుము పట్టేసిందా అని అడిగారు. నడుము కాదు, బాబాయి గుర్తొచ్చాడన్నాను. ఆయన నావైపూ బకెట్ వైపూ ఒకసారి చూసి, పేపర్ చదువుకోవడానికి వెళ్ళిపోయారు.

మా బాబాయి ఎనభైల్లో నరసరావుపేటలో కాలేజీ లెక్చరర్, చెప్పేది తెలుగు. నేను బీఎడ్ ముగించి ఆ ఊళ్ళోనే ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. మా నాయనమ్మ కూడా అక్కడే ఉండేది. తాతయ్య గురజాలలో పేరున్న వైద్యుడు. ఆయన పోయాక ఆ ఇల్లు మూసి ఆవిడను నరసరావుపేట తీసుకొచ్చారు. ఆవిడ వెంట వచ్చిన ఆస్తి ఇత్తడి బిందెలూ మందులు నూరే కల్వమూ కాక, ఎర్రగుడ్డలో చుట్టిన తాళపత్రాల కట్ట. తాతయ్య తండ్రి తన చేత్తో గంటం పట్టి నకలు రాసుకున్న వైద్యగ్రంథం అది. ప్రతి ఆదివారం బాబాయి ఆ ఆకుల్ని వసారాలో బల్ల మీద పరిచి, మెత్తటి గుడ్డతో నిమ్మగడ్డి నూనె రాసేవాడు. పురుగు పట్టకుండా అది విరుగుడు. ఆ పూట ఇంట్లో కాఫీ తాగినా, పెరుగన్నం తిన్నా అదే వాసన. "మజ్జిగలో కూడా నీ ఆకులే కలిపావంట్రా" అని నాయనమ్మ సణిగేది. పిన్ని పాపం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వడ్డించేది.

అవి వైద్యం కోసం చదివేవాడు కాదు బాబాయి. ఆయనకు జలుబు చేస్తే తిన్నగా ఇంగ్లీషు డాక్టరు దగ్గరికే వెళ్ళేవాడు. ఆయనకు కావలసింది మాటలు. కవులు రాసిన పుస్తకాల్లో పాత తెలుగు దొరుకుతుంది, నిజమే, కానీ కవులకు కాలికి ముల్లు గుచ్చుకోదు, వీపు మీద సెగ్గడ్డ లేవదు, పిల్లకు చిడుము పట్టదు అనేవాడు. "కావ్యాల్లో చెరువులో తామరే గానీ, ఒంటిమీద తామర కనపడుతుందా" అని క్లాసులో అడిగితే పిల్లలు పగలబడి నవ్వేవాళ్ళట. పల్లేరు, నల్లేరు, ఉత్తరేణి, తిప్పతీగ, నూరడం, నానడం, వడగట్టడం, చిటికెడు, పిడికెడు, ఇలాంటి మాటలు గంటానికి ఎక్కింది వైద్యుడి వల్లేనని ఆయన వాదం. మన భాష ముందు రోట్లో నలిగింది, ఆ తరువాతే సింహాసనం ఎక్కింది అంటూ ఎవరు దొరికితే వాళ్ళను నిలబెట్టి చెప్పేవాడు. బస్టాండులో ఈపూరు బస్సు కోసం నిలబడ్డ రైతులు కూడా తప్పించుకోలేకపోయేవారు. గొడుగు చంకలో పెట్టుకుని ఆయన అలా వాదిస్తుంటే ఎదుటివాళ్ళు బస్సు వస్తే బాగుండునని రోడ్డు వైపు చూసేవాళ్ళు.

ఆ రోజుల్లో హైదరాబాదులో పాత తెలుగు మాటలకు ఒక పెద్ద నిఘంటువు తయారవుతుండేది. బాబాయి తన గ్రంథంలోని మాటల్ని ఎత్తి రాసి వాళ్ళకు పంపేవాడు. చాలావరకు తీసుకున్నారు. ఒక్కచోట మాత్రం పేచీ వచ్చింది. మా గ్రంథంలో మానని పుండుకు కట్టే ఆకు ఒకటుంది, దాని పేరు రాయంటు. రాళ్ళ నెర్రెల్లో అంటుకుని పాకుతుంది గనక ఆ పేరని బాబాయి. ఇంకే పుస్తకంలోనూ ఈ మాట లేదు, నకలు రాసిన ఆయన చెయ్యి తప్పిందేమో అని నిఘంటువువాళ్ళు. ఆ మాట ఫోన్లో విన్న రోజు బాబాయి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మా తాత చేతిలో తప్పా, ఊరంతా నాడి చూపించుకున్న చేతిలో తప్పా అని వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాడు. నాకూ రోషం వచ్చింది. ఎప్పుడూ చూడని ముత్తాత మీద అంత ప్రేమ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

చివరికి నిఘంటువు పనిచూసే పెద్దాయన ఒక మెట్టు దిగారు. మొక్కను చూపించండి, దాన్ని ఎరిగినవాళ్ళ నోటి వెంట ఆ పేరు వినిపించండి, రెండూ కుదిరితే వేస్తాను, కానీ ర అక్షరం సంపుటం అచ్చుకు పోబోతోంది, ఆ తరువాత నేనేమీ చేయలేను అన్నారు. గ్రంథంలో చదివి తెలుసుకున్న బాబాయి నోరు లెక్కలోకి రాదు. ఇక ఆ మొక్కను ఎరిగిన మనిషి భూమ్మీద ఒక్కరే మిగిలారు, మా నాయనమ్మ. పెళ్ళయిన నాటి నుంచి మామగారితోనూ, ఆ తరువాత తాతయ్యతోనూ ఆకులు కోయడానికి వెళ్ళింది ఆవిడే. బాబాయి వైద్యుడి కొడుకే గానీ చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలో చదువుకున్నాడు, కొండ ఎక్కిన పాపాన పోలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మా ఇంట మందాకు కోసేవాళ్ళు దాని పేరు పలకరు. ముందురోజు సాయంత్రం వెళ్ళి, మొక్కకు పసుపుదారం కట్టి, రేపు వస్తామని చెప్పి రావాలి. తెల్లవారి వెళ్ళి నోరు మెదపకుండా కోయాలి. ఇంటి దగ్గర కూడా కోసే మనిషి దాని పేరు ఎత్తకూడదు. బండమీదది, వాగుపక్కది, ముళ్ళకంపలోది, ఇలాగే వాళ్ళ భాష. పేరు ఆకుల కట్టలో ఉండేది, మొక్క నాయనమ్మ చేతిలో ఉండేది, ఆ రెండూ ఎన్నడూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. బాబాయి రాయంటు గుణాలు చదివి వినిపిస్తే ఆవిడ తలూపింది.

"తెలుసులేరా, మామగారు చదువుతుంటే పేరూ విన్నా. చూపిస్తా, కోసిస్తా. అనమంటే మాత్రం అనను."

ముందు మొక్క చేతికి రానీ, ఇంటికొచ్చాక బతిమాలుకుందాం అని బాబాయి నాకు సైగ చేశాడు.

మా వీధి చివర జీపులు బాగుచేసే సాయిబుగారు ఒకాయన ఉండేవారు. ఆయన్ని మామ అని పిలిచేవాళ్ళం. మామ జీపులో నాయనమ్మనూ నన్నూ పెద్దాయన రావడానికి ముందురోజే మాచర్ల దాటించి, ఎత్తిపోతల వైపు వెళ్ళే దారి పక్కన ఆవిడ ఆపమన్నచోట ఆపారు. కనుచూపు మేర నల్లబండ. నాయనమ్మ చెప్పులు విడిచి, మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి, తన పెరట్లో నడిచినట్టు నడిచింది. ఒక నెర్రె దగ్గర వంగి, చింతాకంత ఆకులున్న తీగకు దారం కట్టి, "రేపొస్తాం తల్లీ, కోపం చెయ్యమాక" అంది. దాని పేరేంది పెద్దమ్మా అని మామ అడిగారు.

"నీ జీపును అడుగు, చెప్తది" అంది నాయనమ్మ.

ఆ రాత్రి మాచర్లలో చుట్టాలింట్లో పడుకున్నాం. పొద్దున్నే బాబాయి, నిఘంటువు పెద్దాయన బస్సు దిగారు. పెద్దాయన బక్కపలచని మనిషి, ధోవతి, కాళ్ళకు కాన్వాసు బూట్లు. అందరం బండ దగ్గరికి చేరాం. నాయనమ్మ తూర్పుకు తిరిగి దండం పెట్టుకుని, తీగ మీదికి చెయ్యి చాచింది. అప్పటిదాకా బుద్ధిగా నిలబడ్డ మా బాబాయి పసుపుదారం చూశాడు, దాని కింద తన జీవితంలో మొదటిసారి ఆ తీగను చూశాడు. ఏళ్ళ తరబడి నూనె రాసి రాసి కాపాడిన మాటకు వేళ్ళూ ఆకులూ కనపడితే ఏ తెలుగు మాస్టారు మాత్రం నిలదొక్కుకోగలడు.

"చూడండి, ఇదేనండీ రాయంటు" అన్నాడు, క్లాసులో వెనక బెంచీకి వినపడేంత గొంతుతో.

నాయనమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తీసుకుని బండ మీద చతికిలబడింది.

"ఒరేయ్, వైద్యుడి కొడుకువేనంట్రా నువ్వు. ఇంక ఇది మందుకు రాదు. నేను కొయ్యను."

బాబాయి నేను కోస్తానని ముందుకు వంగితే తీగకు తన చెయ్యి అడ్డం పెట్టింది. బాబాయి మొహం చూడలేకపోయాను. అక్షరం అచ్చుకు పోతోంది, ముత్తాత చేతిమీద పడ్డ మచ్చ అలాగే ఉండిపోతుంది, దానికి కారణం తన నోరే. మామ జీపు బానెట్ తెరిచి, బాగానే ఉన్న ఇంజనులోకి తొంగిచూడటం మొదలుపెట్టారు. 

పెద్దాయన మాత్రం కంగారు పడలేదు. నాయనమ్మ ఎదురుగా బండ మీదే కూర్చున్నారు. ఆవిడే అడిగింది.

"మా మామగారు రాసింది తప్పంటన్నారంటగా మీరు."

"తప్పనడం లేదమ్మా. సాక్ష్యం లేదంటున్నాను."

"ఈ ఆకు ఎందుకు మీకు? పుండుందా ఎవరికన్నా?"

"పుండుకు కాదమ్మా. మాట కోసం. ఎరిగినవాళ్ళ నోట విని పుస్తకంలో ఎక్కిస్తే ఆ పేరు నిలుస్తుంది. లేకపోతే మీతో పోతుంది."

అంత నిష్కర్షగా ఎవరూ ఆవిడతో మాట్లాడి ఉండరు. నాయనమ్మకు కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ తీగ మీదికి వంగింది. దాని మీద పడ్డ దుమ్ము కొంగుతో తుడిచింది.

"మందుకు కోసేటప్పుడు పేరు పలికితే దాని బలం లోపలికి ముడుచుకుంటదని మా మామ చెప్పేవాడు. అందుకని ఇన్నేళ్ళూ అనలా. చానా జాగ్రత్తగా నోరు కాసుకున్నా." అని ఆగి, "మాటకు కోసేటప్పుడు నోరు మూసుకుని కోస్తే ఎట్టా? మందుకు ఒక మర్యాద, మాటకు ఇంకోటి" అంది.

తరువాత కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులతో తీగను పట్టుకుంది. "రాయంటు" అంది.  సరిపోలేదనుకుందో ఏమో, ఈసారి బండ అవతలికి వినపడేలా అంది. "దీన్ని రాయంటు అంటారు. మా మామ రాసింది నిజం." వేరుతో సహా లాగి పెద్దాయన చేతిలో పెట్టింది. "ఇది ఇంక పుండ్లకు పనికిరాదు, పుస్తకానికే."

బాబాయి అందరి ముందూ ఏడ్చేశాడు.  అంతకుముందు నన్నెవరైనా నువ్వెవరని అడిగితే నరసరావుపేట అని, బీఎస్సీ అని, టీచరునని చెప్పుకునేదాన్ని. ఆ రోజు నుంచి ఈవిడ మనవరాలిని అని చెప్పుకోవాలనిపించింది. సైన్సు టీచరుగా నా వంతు పని నేను చేశాను. ఆ తీగను పేపర్ల మధ్య, సినిమా ప్రకటనల మీద చక్కగా పరిచి, బరువు పెట్టి ఆరబెట్టి ఇచ్చాను.

సంపుటం అచ్చయి వచ్చినప్పుడు నాయనమ్మ ఇంకా ఉంది. బాబాయి దాన్ని చంకలో పెట్టుకుని ఊరంతా తిరిగాడు, మామ షెడ్డులో గ్రీజు చేతులవాళ్ళకు కూడా విప్పి చూపించాడు. ఇంటికొచ్చి ఆ మాటా, దాని అర్థమూ, కింద గురజాల వైద్యగ్రంథం అన్న ఆధారమూ చదివాడు. నా పేరుందా అని నాయనమ్మ అడిగింది. లేదమ్మా, ఊరి పేరే వేశారన్నాడు. ఊరుంటే చాల్లే, నేను అందులోదాన్నేగా అంది. పుస్తకం తీసుకుని, చదవడం రాకపోయినా ఆ పుట మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది. ఆవిడ వెళ్ళిపోయింది, ఆ తరువాత కొన్నాళ్ళకు బాబాయీ వెళ్ళిపోయాడు.

కిందటేడు ఎత్తిపోతల చూడ్డానికి వెళ్తూ దారిలో కారు ఆపించాను. ఆ బండ లేదు. కోసి, పలకలు చేసి లారీల్లో తీసుకెళ్ళిపోయారు. అక్కడ నీళ్ళు నిలిచిన గొయ్యి ఉంది, చుట్టూ ఎంత వెతికినా తీగ కనపడలేదు. ఏమో, అందులోని పలక ఒకటి మా హాల్లో కూడా ఉందేమో. నిమ్మగడ్డి వాసన తగ్గేలోపు లేచి మిగతా సగం తుడిచాను, పక్కన ఎవరూ లేరు గనక పైకే అన్నాను, రాయంటు అని. కాలం బండను కోసి నా కాళ్ళ కింద పరిచింది గానీ, మా నాయనమ్మ కోసిన మాటను మాత్రం ఇంకా ముట్టుకోలేకపోయింది.