పోతయ్య పన్నెండో పందెం

మల్లెలగూడెం జలాశయంలో ఎన్ని రకాల చేపలున్నాయో మత్స్యశాఖకు తెలుసు. దాని మీద పడవెక్కే ఆలుమగల్లో ఎన్ని రకాలున్నారో పోతయ్యకొక్కడికే తెలుసు.

చండ్రుగొండ దాటి అడవిలోకి పోయే తోవలో, మూడు వైపులా గుట్టలు, నాలుగో వైపు కట్ట ఉన్న ఆ నీళ్ల మీద ఇరవై రెండేళ్లుగా అతను పడవ నడుపుతున్నాడు. నడుపుతున్నాడని అనడం మర్యాదకు. కిరాయికి వచ్చిన జంటకు చెరో తెడ్డు ఇచ్చి, తాను వెనక కూర్చుని పరిశీలిస్తాడు. పడవ కుడికి తిరిగితే ఆ ఇంట్లో ఆయన మాట చెల్లుతుందనీ, ఎడమకు తిరిగితే ఆవిడ మాట చెల్లుతుందనీ, ఉన్నచోటే గుండ్రంగా తిరిగితే అత్తగారు కూడా వాళ్లతోనే ఉంటోందనీ అతని సిద్ధాంతం. ఈ శాస్త్రాన్ని విశ్వవిద్యాలయాలు ఇంకా గుర్తించలేదు. తిన్నగా పోయిన పడవలు ఇన్నేళ్లలో మూడే. అందులో ఒకటి పెళ్లయి రెండు రోజులైన జంటది. వాళ్లకింకా మాటలే మొదలు కాలేదు గనుక పోతయ్య దాన్ని లెక్కలోంచి కొట్టేశాడు.

ఇంతటి పండితుడికి జీవితంలో ఒకటే కొరత. ఏటా డిసెంబరు రెండో ఆదివారం, చర్చి విడిచాక, ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ మధ్య జంటల పడవ పందెం జరుగుతుంది. నీళ్ల మధ్య నిలిచిన ఎండు మోడును చుట్టి ముందుగా తిరిగొచ్చిన జంటకు మేకపోతు. ఆ ఒడ్డు తరఫున దూలయ్య తన ఊరివాళ్లను దింపుతాడు. ఈ ఒడ్డు తరఫున పోతయ్య, గెస్ట్‌హౌసుకు వచ్చినవాళ్లలోంచి ఒక జంటను ఏరుకుంటాడు. పదకొండేళ్లలో పదకొండు మేకపోతులు ఆ ఒడ్డుకే పోయాయి.

రెండేళ్ల కిందట దూలయ్య తన మేనల్లుళ్లిద్దరినీ దింపాడు. ఇద్దరూ దున్నపోతుల్లాంటి ఈతగాళ్లు. అప్పుడు పోతయ్య పంచాయితీ పెట్టించి ఒక నియమం చేయించాడు: పడవెక్కేవాళ్లు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని బతికే జంట అయ్యుండాలి, ఎక్కే ముందు ఆ మాట ఒడ్డు మీద అందరూ వినేట్టు చెప్పాలి. దూలయ్య సరేనని, మరుసటి ఏడు కూతురినీ అల్లుడినీ దింపి గెలిచాడు.

పన్నెండో పందేనికి రెండు రోజుల ముందు, శుక్రవారం, హైదరాబాదు నుంచి ఇద్దరు మగవాళ్లు దిగారు. సుకుమార్ ఒక దవాఖానాలో ఎక్స్‌రేలు తీస్తాడు. ప్రభాకర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఆ నాలుగు గదుల గెస్ట్‌హౌసు యజమాని స్తుతి. ఫోన్లో కనిపించే తన గెస్ట్‌హౌసు పేజీలో ఆమె ఇలా రాయించింది: ‘ఏ జంటైనా రావచ్చు. ఎవరినీ ఏమీ అడగం.’ ఆ రెండో వాక్యం పోతయ్యకు చాలా కష్టంగా ఉండేది. ఊపిరి పీల్చుకోవద్దన్నా సర్దుకునేవాడు.

అతని అవస్థ చూసి స్తుతే చెప్పింది. వాళ్లిద్దరూ జంట. తొమ్మిదేళ్లుగా కాపురం చేస్తున్నారు. కిందటేడు ఇంకో ఊళ్లో లాడ్జివాళ్లు నానా ప్రశ్నలూ వేసి మిట్టమధ్యాహ్నం సామాన్లతో సహా బయటికి పంపారు. ఈ నాలుగు రోజులైనా నిమ్మళంగా ఉండనియ్యాలి. పోతయ్య గుట్టల వైపు చూస్తూ కాసేపు ఆలోచించాడు. తర్వాత వచ్చిన సందేహం ఒకటే.

“తెడ్డు పట్టెటోళ్లేనా?”

శనివారం పొద్దున వాళ్లు తెడ్లు పట్టారు. పడవ దండెం కట్టినట్టు పోయింది. కుడికి లేదు, ఎడమకు లేదు. వెనక కూర్చున్న పోతయ్యకు కళ్లు చెమర్చాయి. దిగీదిగకముందే పందెం సంగతి, నియమం సంగతి, మేకపోతు సంగతి, పదకొండేళ్ల పరాభవాల సంగతి ఏకరువు పెట్టాడు.

ప్రభాకర్ వెంటనే సరేనన్నాడు. సుకుమార్ తల అడ్డంగా ఊపాడు. అతనిది వైరా. తల్లి అక్కడే ఉంటుంది. తొమ్మిదేళ్లుగా ఆమె లెక్కలో ప్రభాకర్ అంటే తన కొడుకు గదిలో కిరాయి పంచుకునే మంచి కుర్రాడు. మనిషి లోపల ఉన్నదాన్ని బయటపెట్టడమే సుకుమార్ వృత్తి అయినా, తన విషయంలో మాత్రం ఆ పని వాయిదా వేస్తూ వస్తున్నాడు.

“ఒడ్డు మీద రెండొందల మంది ఉంటరు కాకా, అందరి చేతిల ఫోన్లే. పొద్దుగూకకముందే మా అమ్మకు చేరుతది.”

మేకపోతు గొప్పదే గానీ తల్లి అంతకంటే గొప్పదని ఒప్పుకుని, పోతయ్య గెస్ట్‌హౌసుకు మద్దిరాల నుంచి వచ్చిన ముసలి దంపతులను పందేనికి దిగమని అడగబోయాడు. వాళ్ల పడవ పొద్దుననే రెండు గంటలు గుండ్రంగా తిరిగింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చిన సుకుమార్ చెప్పులైనా విప్పకుండా నేరుగా పడవ దగ్గరికి నడిచాడు.

“మా పేర్లు ఇయ్యి కాకా. తొమ్మిదేండ్ల నుంచి మంచిరోజు చూస్తున్న. ఇంకెన్నడు వస్తదో నాకైతే నమ్మకం లేదు.”

పక్కనున్న ప్రభాకర్ మొహం చూస్తే ఈ సంగతి అతనికీ అప్పుడే తెలిసినట్టుంది.

ఒడ్డు నిండింది. చర్చి బట్టల్లో వచ్చినవాళ్లు ఒక వైపు, గూడేల నుంచి వచ్చినవాళ్లు ఒక వైపు, మిరపకాయ బజ్జీల బండి మధ్యలో. ఈల వేసి తీర్పు చెప్పే పదవి పోతయ్య భార్య ఆదెమ్మది. ఆమె నిష్పక్షపాతాన్ని ఎవరూ శంకించరు. పదకొండుసార్లు మొగుడికి వ్యతిరేకంగా తీర్పు చెప్పిన మనిషి.

సుకుమార్ ముందుకు వచ్చి, తామిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద బతుకుతున్న జంట అని, కట్ట మీదివాళ్లకు కూడా వినిపించేట్టు చెప్పాడు. ఫోన్లు లేచాయి. వాటి వెంటే దూలయ్య లేచాడు. మేనల్లుళ్లను వద్దన్న పోతయ్య బావే ఇప్పుడు ఇద్దరు మగవాళ్లను తెచ్చాడని, ఇదెక్కడి న్యాయమని అడిగాడు.

ఆదెమ్మ ఈల చేతిలో పట్టుకుని ఆ ఇద్దరి వైపు తిరిగింది.

“ఏండ్లెన్ని బిడ్డా?”

“తొమ్మిది.”

“వండేదెవరు?”

“నేనే,” అన్నారు ఇద్దరూ ఒకేసారి. తర్వాత ఒకరి వంక ఒకరు కొంచెం కోపంగా చూసుకున్నారు.

“ఇంకేం అడగాలె దూలన్నా,” అంది ఆదెమ్మ. “మన ఇండ్లల్ల గిదే గదా లొల్లి.”

ఈల మోగింది.

సగం దూరం పోయేసరికి ఈ ఒడ్డు పడవ రెండు పడవల పొడుగున ముందుంది. పోతయ్య మేకపోతు కళ్లలోకి చూసి, ఇక మనిద్దరం ఒక ఒడ్డువాళ్లమే అన్నట్టు తలూపాడు. అప్పుడు మోడు వచ్చింది. ఎడమ నుంచి తిప్పుదామన్నాడు ప్రభాకర్. కుడి నుంచి తిప్పాడు సుకుమార్. నీళ్ల మీద మాట బాగా సాగుతుంది గనుక తర్వాతి సంభాషణంతా ఒడ్డు విన్నది. మోడుతో మొదలై, కిందటి వేసవిలో తప్పిపోయిన బస్సు మీదుగా, ఎవరో వద్దంటే కొన్న సోఫా దాకా వెళ్లింది. అంతసేపూ పడవ మోడు చుట్టూ ప్రదక్షిణలు చేసింది. దూలయ్య కూతురూ అల్లుడూ వాళ్లను మర్యాదగా తప్పుకుంటూ దాటిపోయారు.

పోతయ్య నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. గెలిచిన దూలయ్య పెద్దమనిషి తరహాలో ఆదెమ్మ దగ్గరికి నడిచి, తన ఫిర్యాదు వాపసు తీసుకున్నాడు.

“తప్పైంది చెల్లె. గిది పక్కా సంసారమే.”

తడిసిన బట్టలతో ఇద్దరూ ఒడ్డెక్కేసరికి సుకుమార్ ఫోను మోగుతోంది. అమ్మ. సాయంత్రం దాకా కూడా పట్టలేదు. అతను ఫోను చెవికి పెట్టుకుని పడవ అంచు మీద కూలబడ్డాడు. పడవను పైకి లాగుతున్న పోతయ్య లాగడం ఆపేశాడు. వైరా నుంచి వచ్చే ఆ గొంతుకు స్పీకరు అవసరం లేదు.

“చూసిన,” అందామె. “రెండొందల మందికి చెప్పినంక తల్లికి తెల్వాల్నా?”

“భయమైందమ్మా.”

సుకుమార్ మోకాళ్ల మధ్యకు తల వంచుకున్నాడు. ప్రభాకర్ రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. దగ్గరికి రావాలో, దూరంగా పోవాలో తేల్చుకోలేక తెడ్డును గట్టిగా పట్టుకున్నాడు.

“నేనేమనాల్నో నాకింకా తెల్వదురా. ఏడ్వాల్నో, తిట్టాల్నో. జర టైమియ్యి నాకు,” అంది తల్లి. “గాని ఆ మొద్దు కాడ కుడికెందుకు తిప్పినవ్? ఆ పిల్లగాడు ఎడమ ఎడమ అని మొత్తుకుంటనే ఉన్నడు గదా.”

“అమ్మా...”

“నీతోని కాదు. ఫోన్ అతనికియ్యి.”

ప్రభాకర్ తడిచేతులు చొక్కాకు తుడుచుకుని, అదీ తడిదేనని గమనించి, పోతయ్య కండువాకు తుడుచుకున్నాడు. రెండు చేతులతో ఫోను అందుకుని, పరీక్ష హాల్లో నిలబడ్డ విద్యార్థిలా అవునమ్మా, కాదమ్మా అన్నాడు. అయిదు నిమిషాలకు కొంచెం వదులయ్యాడు. పది నిమిషాలకు పడవ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, సోఫా సంగతి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.